'కాబట్టి' అన్న ఒక్క మాట

ఆ మాట అన్న పెద్దమనిషి చెడ్డవాడేం కాదు. మైకు పట్టుకుని, గొంతు కాస్త తగ్గించి, నిజంగానే కళ్ళు చెమర్చి అన్నాడు: "ఆ చిన్నారి వెళ్ళిపోయింది కాబట్టే ఇవాళ ఇంతమంది చిన్నారులకు ఈ అమ్మ దొరికింది." చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, చేతులకి అదొక అలవాటు. వేదిక మీద మా అక్క నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. నొప్పి ఎలా ఉందని నర్సు అడిగితే "పర్లేదండీ" అనేవాళ్ళు నవ్వే నవ్వు.

తిరిగొచ్చేటప్పుడు కారులో చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇల్లు దగ్గరపడుతుండగా అంది: "ఆయన చెప్పినవన్నీ బానే ఉన్నాయిరా. ఆ 'కాబట్టి' ఒక్కటీ తీసేస్తే సరిపోయేది."

నెల రోజులుగా ఆ ఒక్క మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ పోస్టు.

మా మేనకోడలికి నాలుగో ఏట న్యూరోబ్లాస్టోమా (చిన్నపిల్లల్లో నరాల కణాల నుంచి పుట్టే క్యాన్సర్) అని తేలింది, ముదిరిన దశలో. కీమో, ఆపరేషన్, స్టెమ్ సెల్ మార్పిడి, రేడియేషన్, అన్నీ అయ్యాయి. ఆరో ఏట పోయింది. ఆ రెండేళ్ళ గురించి ఇక్కడ రాయను, అది చెప్పే హక్కు నాది కాదు. పాప పోయిన ఏడాదిన్నరకి అక్క పిల్లల క్యాన్సర్ వార్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది. వార్డుని ఆనుకుని, దూరం నుంచి వచ్చే కుటుంబాలు ఉండడానికి ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ నడిపే వసతి ఉంది. మంగళ, గురు, శనివారాల్లో అక్క అక్కడే ఉంటుంది. ఇది ఏడో ఏడు.

'కాబట్టి' కారణం చెప్పే మాట. వాన పడింది కాబట్టి పంట పండింది. ఆ పెద్దమనిషి వాక్యంలో పాప చావు వాన, మిగతా పిల్లలకి జరిగే మేలు పంట. పంట మంచిదైతే వాన కూడా మంచిదేగా! ఈ మాట నోరు తెరిచి ఎవరూ అనరు, వ్యాకరణం అనేస్తుంది. పైగా ఆ లెక్కకి తలూపాల్సిన మనిషి వేదిక మీద కూర్చునుంది. ఊపితే కూతురి చావుకి ఒప్పుకున్నట్టు, ఊపకపోతే ఇన్ని చప్పట్లు కొట్టినవాళ్ళని అవమానించినట్టు.

"'కాబట్టి' బదులు 'అయినా' అనాల్సిందక్కా. పాప పోయింది, అయినా నువ్వు వస్తున్నావు," అన్నాను. నేనేదో కనిపెట్టినట్టు గర్వంగానే అన్నాను. అక్క "ఊఁ" అంది. ఆ 'ఊఁ' అర్థం నాకప్పుడు తెలియలేదు.

ప్లగ్గు పాయింట్లు తెలిసిన మనిషి

అసలు అక్క అక్కడ ఏం చేస్తుంది? దూరం నుంచి చూసేవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథలు చెబుతుందనుకుంటారు. అది తక్కువే. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకి మంచం పక్కన ఏ ప్లగ్గు పాయింటు పనిచేస్తుందో చూపిస్తుంది. ఒక నోటుబుక్కు చేతికిచ్చి, మందులేసిన టైమూ, జ్వరమూ, డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలూ అందులో రాసుకోమంటుంది. అక్కడ మొదటి రోజు 'పోర్ట్', 'కౌంట్స్', 'ప్రోటోకాల్' అన్న మాటలు వడగళ్ళలా పడతాయి. సగం తలకెక్కవు. అక్క వాటిలో మూడో నాలుగో ఏరి చెబుతుంది. ముఖ్యంగా ఒకటి: కీమో తర్వాత రక్తంలో తెల్ల కణాలు (ఆ 'కౌంట్స్' అంటే ఇవే) పడిపోయి ఉన్నప్పుడు 38 డిగ్రీలు దాటి జ్వరమొస్తే తెల్లారనిద్దాం అనుకోకూడదు. మీ అంతట మీరు జ్వరం బిళ్ళ వేసి కూర్చోకూడదు, వెంటనే ఫోన్ చేయాలి, బయల్దేరాలి. బిళ్ళతో జ్వరం దిగుతుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ దిగదు. ఇది డాక్టర్లూ చెబుతారు. డాక్టరు చెప్పినప్పుడు అది పది సూచనల్లో ఒకటి. అక్క చెప్పినప్పుడు అదొక్కటే చెబుతుంది, ఎదుటివాళ్ళ చేత తిరిగి చెప్పించుకుంటుంది.

ఒకసారి నా ఎదురుగానే జరిగింది. ఐదేళ్ళ బాబు నడవనంటున్నాడు. ఎత్తుకోమని ఏడుపు. వాళ్ళమ్మకి విసుగొచ్చి "వీడు ఇక్కడికొచ్చాక మరీ మొండికేస్తున్నాడండీ" అంది. అక్క వాడి పాదాలు చూసింది. మడమల మీద నిలబడమంది. వాడివల్ల కాలేదు. "ఇది మొండితనం కాదమ్మా. విన్‌క్రిస్టిన్ పడుతోందిగా, నరాల మీద పనిచేస్తుంది. పాదం పైకి లేవదు. రేపు డాక్టరుగారితో చెప్పు," అంది. ఆ తల్లి పిల్లాణ్ణి ఎత్తుకున్న తీరు నాకింకా గుర్తుంది. (విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసే మందు. ఎవరూ నీళ్ళు పోయకపోయినా గోడ పక్కన పూసే ఆ పువ్వు అరవై ఏళ్ళకి పైగా పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్ లుకేమియాని అదుపు చేస్తోందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.)

సెప్టెంబరు పిల్లల క్యాన్సర్ అవగాహన మాసం. బంగారు రంగు రిబ్బన్లతో జనం వస్తారు. చేతినిండా బొచ్చు బొమ్మలు తెస్తారు. దుమ్మూ క్రిములూ పట్టే ఆ బొమ్మల్ని కౌంట్స్ పడిపోయిన పిల్లల మంచం మీద పెట్టనివ్వరు. ఫొటోలు దిగి వాళ్ళు వెళ్ళిపోయాక వాటిని పిల్లల చేతుల్లోంచి తీసుకోవాల్సిన పని అక్కలాంటి వాళ్ళది. అందుకే ఆ నెలంటే అక్కకి మంట. "పిల్లల దగ్గర్నుంచి బొమ్మలు లాక్కునే నెల" అంటుంది.

ఇవన్నీ ఎందుకు రాశానంటే, అక్కకి ఇవి ఎప్పుడు తెలిశాయో చూడండి. పాప పోయాక కాదు. పాప ఉన్న రెండేళ్ళలో తెలిశాయి. స్టెరాయిడ్ వేసే రోజుల్లో రాత్రి రెండింటికి ఆకలని లేచి, పెట్టింది విసిరికొట్టే పిల్లని సముదాయిస్తూ నేర్చుకుంది. పాదం ఎత్తలేక పడిపోతే తిట్టి, తర్వాత తెలిసి కుమిలిపోయి నేర్చుకుంది. చావు ఆమెకి ఏమీ నేర్పలేదు. పాప బతికున్న రోజులే నేర్పాయి. అంటే ఆ పెద్దమనిషి 'కాబట్టి' మర్యాద తప్పినట్టే కాదు, లెక్క తప్పు కూడా.

నా మాటకి సాక్ష్యం బయటా ఉంది. దూరం నుంచి వచ్చిన కుటుంబాలు ఆసుపత్రి దగ్గరే ఉండడానికి 1974లో ఫిలడెల్ఫియాలో మొదటి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ తెరిచారు. దాని వెనకున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫ్రెడ్ హిల్ కూతురికి లుకేమియా, అప్పటికి ఆ పాప బతికే ఉంది. కుర్చీల్లో రాత్రుళ్ళు గడిపే తల్లిదండ్రుల్ని చూడడానికి ఆయన బిడ్డని పోగొట్టుకోవాల్సిన అవసరం రాలేదు. అలెక్స్ స్కాట్ సంగతి చాలామందికి తెలిసిందే. న్యూరోబ్లాస్టోమాతో ఉన్న ఆ అమెరికన్ పాప 2000లో, నాలుగేళ్ళ వయసులో, నిమ్మరసం బల్ల పెట్టి క్యాన్సర్ పిల్లల కోసం డబ్బులు పోగుచేసింది. 2004లో ఎనిమిదేళ్ళకి పోయే నాటికి ఆ బల్లలు పది లక్షల డాలర్లు తెచ్చాయి. తల్లిదండ్రులు ఆ తర్వాత ఫౌండేషన్ నడుపుతున్నారంటే, వాళ్ళు చావు నుంచి ఏదో పుట్టించలేదు. పిల్ల తెరిచిపెట్టిన బల్లని మూసేయలేదు, అంతే.

మరి బతికిన పిల్లల తల్లిదండ్రులు రారేం?

ఇక్కడ నా వాదనకి ఒక చిక్కుంది. బతికున్న రోజులే నేర్పాయంటే, వైద్యం ఫలించి బిడ్డతో ఇంటికెళ్ళినవాళ్ళకి కూడా అంతే తెలుసుండాలి. వాళ్ళే ఎక్కువ రావాలి. కొందరు వస్తారు. చాలామంది రారు. వాళ్ళకి చేతినిండా పనుంది: బడి, ఏళ్ళ తరబడి చెకప్‌లు, మందులు మిగిల్చిన ఇబ్బందులు. ఆ భవనం ముందు నుంచి బస్సు వెళ్తేనే తల తిప్పుకుంటామని ఒకాయన చెప్పాడు. నేను తప్పుపట్టను.

బిడ్డ పోయినవాళ్ళకి మిగిలేది ఖాళీ చేతులు. మందుల టైములకి అలారం మోగే ఫోన్, అలారం తీసేసినా ఆ టైముకే మెలకువొచ్చే ఒళ్ళు. ఆ నైపుణ్యమంతా ఒకే ఒక మనిషి కోసం సంపాదించింది. ఆ మనిషి లేదు. ఆ చేతులు వార్డుకి తిరిగెళ్తే దాన్ని సేవ అనాలా, అలవాటు అనాలా, వదల్లేకపోవడం అనాలా? అక్క వెళ్ళడం మొదలెట్టినప్పుడు మా ఇంట్లో చాలామంది మూడోదే అనుకున్నారు. "అది బయటపడకుండా అక్కడే తిరుగుతోంది" అని అమ్మ ఏడ్చింది. నేనూ అదే అనుకున్నాను.

దుఃఖం అంటే పోయినవాళ్ళ నుంచి మనసుని కొంచెం కొంచెంగా విడదీసుకోవడం అన్న ఆలోచన మనలో గట్టిగా పాతుకుపోయింది. దానికి సిద్ధాంత రూపం ఇచ్చినవాళ్ళలో మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ ఒకడు, 1917లో. కానీ అదే ఫ్రాయిడ్ కూతురు సోఫీ 1920లో ఫ్లూతో పోయింది. 1929లో, ఆమె ఉంటే ముప్పై ఆరేళ్ళు నిండే రోజున, కొడుకుని పోగొట్టుకున్న స్నేహితుడు బిన్స్‌వాంగర్‌కి ఉత్తరం రాస్తూ తొమ్మిదేళ్ళ తర్వాత ఒప్పుకున్నాడు: ఆ ఖాళీని ఏది నింపినా, పూర్తిగా నింపినా, అది వేరేదిగానే ఉండిపోతుంది, అలా ఉండడమే సరైనది, వదులుకోవాలని లేని ప్రేమని నిలుపుకోవడానికి అదొక్కటే దారి అని. సిద్ధాంతం రాసినవాడొకడు, తండ్రి ఇంకొకడు. 1996లో డెనిస్ క్లాస్, ఆయన తోటివాళ్ళు 'కొనసాగే బంధాలు' అన్న ఆలోచనని ముందుకు తెచ్చారు. క్లాస్ బిడ్డల్ని కోల్పోయిన తల్లిదండ్రుల మధ్య ఏళ్ళ తరబడి తిరిగినవాడు. వాళ్ళు బంధాన్ని తెంచుకోవడం లేదనీ, దాని రూపం మార్చుకుని జీవిస్తున్నారనీ గమనించాడు. దాన్ని రోగంగా చూడనక్కర్లేదన్నాడు.

ఇది చదివాక అమ్మకి చెప్పాను. "ఆ మాట చెప్పడానికి అంత పెద్ద చదువెందుకురా, కడుపుకోత తీరేదైతే కడుపుకోత అని ఎందుకంటారు," అంది. బిడ్డ పోయినవాళ్ళని పిలవడానికి భాషలో మాటే లేదని ప్రతి వ్యాసంలో రాస్తుంటారు కదా, ఆ మనిషికి లేకపోవచ్చు, ఆ బాధకి మాత్రం మనకుంది. కాకపోతే అది తల్లిది. నాన్నకి పుత్రశోకం ఉంది, అందులో కూతురు లేదు. మా బావ గురించి ఆలోచించినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

బావ రాడు

బావ ఈ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ వార్డుకి వెళ్ళలేదు. అక్కని గేటు దగ్గర దింపుతాడు, సాయంత్రం వచ్చి ఎక్కించుకుంటాడు. లోపలికి రాడు. సభకీ రాలేదు. "ఆయనకి ఇవన్నీ పట్టవనుకుంటా" అని నా వెనక వరసలో ఎవరో అనడం విన్నాను.

ఈ పోస్టు రాయడానికి అసలు కోపం నాకు అక్కడ పుట్టింది. ఒక తల్లి వార్డులో సేవ చేస్తోందంటే మనం ఆమెని మెచ్చుకుని ఊరుకోం. దుఃఖాన్ని ఎలా మోయాలో దానికి ఆమెని ఒక కొలబద్ద చేసేస్తాం. తర్వాత ఆ కొలబద్ద పట్టుకుని పక్కనున్నవాళ్ళని కొలుస్తాం. బిడ్డ పోయి, మళ్ళీ ఉద్యోగంలో చేరి, ఎవరికీ ఏ సాయమూ చేయకుండా, ఆదివారాలు మొక్కలకి నీళ్ళు పోసుకునే మనిషి మన కళ్ళకి ఏదో బాకీ ఉన్నట్టు కనిపిస్తాడు. పిల్ల పోయింది చాలక ఈ బాకీ ఒకటా?

మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షూట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఒక మాట చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి ఒకసారి పోయినదాని వైపు, ఒకసారి మిగిలిన బతుకు వైపు ఊగుతూ ఉంటాడు, ఆ ఊగడమే ఆరోగ్యం అని. మా ఇంట్లో చూస్తే ఆ ఊయల ఇద్దరి మధ్యా ఉంది. వారానికి మూడు రోజులు అక్క అటు వెళ్తుంది, బావ ఇటు నిలబడి ఇంటిని పట్టుకుంటాడు. బావ కూడా అటే వెళ్తే, సాయంత్రం ఆమెని ఇటు తీసుకొచ్చేదెవరు? ఇది నా ఊహే, బావ ఎప్పుడూ ఇలా అనలేదు. అడిగితే "నాకు అక్కడి వాసన పడదు" అంటాడు. అదీ సరైన కారణమే.

"మీ పాప ఇప్పుడెలా ఉంది?"

అక్క పనిలో అన్నిటికన్నా కష్టమైన ఘడియ ఒకటుంది. కొత్తగా వచ్చిన తల్లి రెండో రోజో మూడో రోజో కొంచెం కుదుటపడి, ఈవిడకి ఇన్ని సంగతులెలా తెలుసని ఆలోచించి, అడుగుతుంది: "మీకూ ఇలాగే అయిందా అండీ? మీ పాప ఇప్పుడెలా ఉంది?"

ఆ తల్లికి కావలసిన జవాబు ఆమె ముఖం మీదే రాసి ఉంటుంది. "బాగుందమ్మా, తొమ్మిదో తరగతి చదువుతోంది" అని.

మొదట్లో అక్క మాట మార్చేది. ఒకసారి, ఒకే ఒకసారి, "బాగుంది" అనేసింది. ఆ తల్లి అక్క రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మూడు వారాల తర్వాత ఎవరి ద్వారానో నిజం తెలిసి, అక్క కనిపిస్తే పక్కకి తప్పుకునేది. ఆ తర్వాత అక్క రెండు నెలలు వార్డుకి వెళ్ళలేదు.

నేనిక్కడ ఎటు నిలబడాలో నాకే తెలియదు. 2004లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. క్యాన్సర్‌తో బిడ్డని కోల్పోయిన తల్లిదండ్రుల్ని అడిగారు: చావు గురించి మీ బిడ్డతో మాట్లాడారా, దానికి ఇప్పుడు బాధపడుతున్నారా అని. మాట్లాడిన 147 మందిలో ఒక్కరు కూడా ఎందుకు మాట్లాడామా అనలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది మాట్లాడి ఉండాల్సిందన్నారు. ఇది చదివి నిజమే చెప్పాలని గంతులేయడం తేలిక. కానీ మాట్లాడనివాళ్ళలో ఎక్కువమందికి పశ్చాత్తాపం లేదన్నదీ అదే లెక్కలో ఉంది. పైగా అది సొంత బిడ్డతో మాట. నిన్న వచ్చిన పరాయి తల్లికి మూడో రోజునే ఇంకొకరి చావుని చేతిలో పెట్టే హక్కు ఎవరికుంది?

అందుకే బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు అసలు వార్డులోకి రాకూడదనేవాళ్ళున్నారు. అది క్రూరంగా వినిపిస్తుంది గానీ, అందులో న్యాయముంది. ఆశతో వచ్చినవాళ్ళకి ఎదురుగా, వాళ్ళు అన్నిటికన్నా భయపడే మనిషి నిలబడి ఉండడం చిన్న సంగతి కాదు. అక్కడి నర్సు ఒకావిడ అక్కతో మొహం మీదే అంది: "మీరు వాళ్ళ కోసం వస్తున్నారా, మీ కోసమా? రోజూ గేటు దగ్గర ఒకసారి అడుక్కోండి. మీ కోసమే అనిపించిన రోజు ఇంటికెళ్ళిపోండి, ఏం పర్లేదు." అక్కకి దక్కిన మెప్పులన్నిటికన్నా ఆ మాట విలువైనదని నా నమ్మకం. నిజంగానే కొన్ని రోజులు గేటు నుంచే వెనక్కి వచ్చేసింది.

ఇప్పుడు ఆ ప్రశ్నకి ఆమె చెప్పే జవాబు ఇది: "మా పాప లేదమ్మా. దానిది వేరే దశలో దొరికింది, మీ బాబుది వేరే జబ్బు. మీ బాబు సంగతి డాక్టరుగారు చెప్పిందే వినండి, నన్ను చూసి ఏమీ లెక్క కట్టుకోవద్దు." ఇది చెప్పాక కొందరు మళ్ళీ పలకరించరు. అక్క వాళ్ళ వైపు వెళ్ళదు, నోటుబుక్కు మాత్రం మరొకరి చేత పంపిస్తుంది.

నా వాదనకి తగిలిన దెబ్బ

ఇంతదాకా 'కాబట్టి'ని తిట్టాను. దాని తరఫున నిలబడే గట్టి సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాటవేస్తే మోసం.

డీఐపీజీ అని పిల్లల మెదడు కాండంలో వచ్చే గడ్డ. ఆపరేషన్ చేసి తీయలేని చోట, నరాల మధ్య అల్లుకుపోతుంది. ఎక్కువమంది పిల్లలు ఏడాది కూడా ఉండరు. ముక్క తీసి పరీక్షించడం ప్రమాదమని దశాబ్దాల పాటు బయాప్సీ కూడా అరుదుగానే చేసేవారు. అందువల్ల పరిశోధకుల చేతిలో ఆ గడ్డ ముక్కే ఉండేది కాదు. దారి తెరిచింది తల్లిదండ్రులు. బిడ్డ పోయిన గంటల్లోనే, ఆ గడ్డని పరిశోధనకి తీసుకోమని ఇచ్చారు. అడక్కముందే తామే ఫోన్ చేసి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. అలా వచ్చిన కణజాలం ప్రయోగశాలల్లో పెరిగింది. ఆ గడ్డల్లో ఎక్కువ శాతం వాటిని నడిపించేది హిస్టోన్ (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్) జన్యువులో ఒకే ఒక మార్పు అని 2012లో బయటపడింది. మందుల వేటకి అప్పటిదాకా లేని గురి దొరికింది.

ఇక్కడ 'కాబట్టి' అబద్ధమని ఎలా అనగలను? ఆ పిల్లలు పోకపోతే ఆ ముక్కలు వచ్చేవి కావు. చాలా రోజులు ఇది నన్ను కూర్చోనివ్వలేదు. ఇప్పుడు నాకనిపిస్తున్నది ఇది: పిల్లలు డీఐపీజీతో ఆ ముక్కలు ఇవ్వడం మొదలవక ముందూ పోయారు, దశాబ్దాలుగా పోతూనే ఉన్నారు. ఆ చావులు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఇచ్చింది, ఊహించడానికే కష్టమైన ఆ రెండు మూడు గంటల్లో సరేనన్న అమ్మానాన్నలు. చావుకి దాతృత్వం అంటగడితే వాళ్ళు తీసుకున్న ఆ నిర్ణయం కనపడకుండా పోతుంది. అయితే ఇది నేను గెలవడానికి చూసుకున్న సందు కూడా కావచ్చు. ఆ తల్లిదండ్రుల్లో ఎవరైనా "మా బిడ్డ వల్లే" అంటే, నేను చేతులు కట్టుకుని వింటాను. ఆ 'వల్ల' వాళ్ళ నోట్లోంచి రావచ్చు. మైకులోంచి రాకూడదు.

దుఃఖం ఉంటే చాలదు

పక్కన పెట్టలేని మరో సందేహం: బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు మొదలుపెట్టిన ప్రతి పనీ మంచి పనేనా? వాళ్ళని ప్రశ్నించడానికి ఎవరికీ నోరు రాదు. నోరు రాకపోవడమే ప్రమాదం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఏటా దాదాపు 4,00,000 మంది పిల్లలకీ, టీనేజీ వాళ్ళకీ క్యాన్సర్ వస్తోంది. డబ్బున్న దేశాల్లో 80 శాతానికి పైగా నయమవుతోంది, పేద, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల 30 శాతం లోపే. ఈ తేడాకి కారణం మందు కనిపెట్టకపోవడం కాదు. జబ్బుని ఆలస్యంగా గుర్తించడం, ఉన్న మందులే దొరక్కపోవడం, రానూపోనూ ఖర్చులు భరించలేక సగంలో వైద్యం మానేయడం. చివరిది వింటే ఎవరికైనా కడుపు మండుతుంది. నయమయ్యే జబ్బుతో పిల్లలు బస్సు చార్జీ లేక పోతున్నారు. 2030 కల్లా కనీసం 60 శాతం మంది పిల్లలు బతకాలని 2018లో పెట్టుకున్న లక్ష్యం నెరవేరాలంటే ఎక్కువ డబ్బు ఇలాంటి చోట్లకే వెళ్ళాలి.

కానీ తన బిడ్డ ఏ జబ్బుతో పోయిందో ఆ జబ్బుకి కొత్త మందు కావాలని తల్లి మనసు కొట్టుకుంటుంది. అదీ తప్పనలేం. మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌తో కొడుకుని పోగొట్టుకున్న నాన్సీ గుడ్‌మన్ అమెరికాలో ఏళ్ళ తరబడి తిరిగి 2012లో ఒక చట్టం తెప్పించింది. పిల్లల అరుదైన జబ్బుకి మందు తెచ్చిన కంపెనీకి ఇంకో మందుని త్వరగా పరిశీలింపజేసుకునే వోచర్ ఇవ్వాలనీ, దాన్ని అమ్ముకోవచ్చనీ ఆ చట్టం చెప్పింది. న్యూరోబ్లాస్టోమాకి వాడే డైన్యుటుక్సిమాబ్ అనే మందుకి వచ్చిన వోచర్ 2015లో 35 కోట్ల డాలర్లకి అమ్ముడుపోయింది. ఆ మందు పనిచేస్తుందని తేల్చిన పరీక్షలు చాలావరకు ప్రభుత్వ డబ్బుతో జరిగినవే, లాభం కంపెనీదా అని విమర్శించినవాళ్ళున్నారు. ఆ విమర్శ నాకు సబబుగానే తోస్తుంది. ఆ చట్టం లేకపోతే కంపెనీలు ఇటు చూసేవే కావన్న జవాబూ సబబుగానే తోస్తుంది. ఒక తల్లి బాధ ఈ రెంటిలో దేన్నీ తేల్చలేదు. తేల్చాల్సింది ఆ చట్టం ఎంతమంది పిల్లలకి పనికొచ్చిందన్నదే.

అక్కని ఇదే అడిగాను, కొంచెం భయపడుతూనే: "ఈ వసతి కన్నా ఆ డబ్బు పరిశోధనకి పోతే మేలనిపించదా?" తడుముకోకుండా చెప్పింది: "పోయిన ఏడాది మా వసతిలో దిగినవాళ్ళలో వైద్యం సగంలో ఆపేసి వెళ్ళింది ఇద్దరేరా. అంతకుముందు ఎంతమంది వెళ్ళేవాళ్ళో నీకు తెలీదు." మళ్ళీ తనే, "పరిశోధనకి కూడా ఇవ్వాలి. కానీ నాకు ప్లగ్గు పాయింట్లే తెలుసు," అంది.

పరిచయం

పోయిన వారం మళ్ళీ ఏదో సభకి పిలిచారు. ఈసారి పరిచయం మేమే రాసిస్తామని అక్క షరతు పెట్టి, ఆ పని నాకప్పగించింది. నాకిది అవకాశం అనిపించింది. జాగ్రత్తగా, ఎక్కడా 'కాబట్టి' రాకుండా రాశాను. "ఆరేళ్ళ కూతుర్ని క్యాన్సర్‌తో పోగొట్టుకున్నా, ఏడేళ్ళుగా తోటి తల్లిదండ్రులకు అండగా ఉంటున్నారు."

అక్క చదివింది. పెన్ను తీసుకుని ఆ 'పోగొట్టుకున్నా' కొట్టేసింది.

"అదేంటక్కా, 'అయినా' బాగానే ఉందనుకున్నాను."

"అది కూడా వద్దురా. అలా అంటే నేనేదో గోడ దూకి వచ్చినట్టుంది. పాప గోడా?" అంది. "రెంటినీ ముడేయకు. విడివిడిగా రెండు ముక్కలు రాయి."

రాసే ప్రయత్నం చేశాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 'ఆమెకి ఒక కూతురు ఉండేది' అని రాయాలా, 'ఉంది' అని రాయాలా? బావ అప్పుడే బండి తాళాల కోసం గదిలోకి వచ్చాడు. కాగితం వంక ఒకసారి వంగి చూసి, "క్రియ ఎందుకు, తెలుగులో అక్కర్లేదుగా," అని వెళ్ళిపోయాడు.

సభలో చదివింది ఇది:

"ఈమెకి ఒక కూతురు. ఈమె మంగళ, గురు, శనివారాల్లో వార్డు దగ్గరి వసతిలో ఉంటారు. ఏ ప్లగ్గు పాయింటు పనిచేస్తుందో ఈమెని అడగండి."